సంకల్పిత అంతస్తు

కొమరలంకలో పూర్తయిన ఇల్లంటూ ఒక్కటీ లేదు. అలాగని ఆ ఊళ్లో జనం చెట్ల కింద ఉంటున్నారని కాదు. అందరికీ డాబాలున్నాయి. ప్రతి డాబా మీదా పిల్లర్లు మూరెడెత్తు లేచి ఆగిపోయి, వాటి నెత్తిన ఇనప చువ్వలు నిక్కపొడుచుకుని ఉంటాయి. శ్లాబు వేసిన రోజున ఆ ఊళ్లో ఏ ఇంటి యజమానీ "ఇంక చాలు, అయిపోయింది" అనడు. అనడం అశుభం. రేపెప్పుడో రోజులు కలిసొస్తే మేడ వెయ్యాలి, అప్పుడు పిల్లర్లకి అతుకు దొరకాలి కదా అని చువ్వలు వదిలేస్తాడు. ఆ రేపు చాలా ఇళ్లకి ఇంకా రాలేదు. ఈలోగా తుప్పు పట్టకుండా కొందరు చువ్వలకి సిమెంటు నీళ్లు పూశారు. పిల్లల కళ్లల్లో గుచ్చుకుంటాయని కొందరు ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు బోర్లించారు.

దొమ్మేటి గంగాధరం ఇల్లూ అంతే. రెండు సెంట్ల స్థలంలో రెండు గదుల డాబా. ముందు గదిలో టైలరింగ్ షాపు, వెనక గదిలో సంసారం. పైన తొమ్మిది పిల్లర్లు, తొమ్మిదింటి మీదా చువ్వలు, పధ్నాలుగేళ్లుగా అలాగే ఉన్నాయి. భార్య నూకరత్నం వాటికి దండేలు కట్టి బట్టలు ఆరేసుకునేది. మేడ ఎప్పుడు వేస్తావని ఎవరైనా అడిగితే, "అదిగో, చువ్వలు రెడీగానే ఉన్నాయి కదండీ" అనేవాడు గంగాధరం, సగం మేడ కట్టేసినవాడిలా.

ఆ నిబ్బరం కాస్తా కూతురు ప్రశాంతికి ఉద్యోగం రాగానే చెదిరిపోయింది. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు, రాత్రి డ్యూటీ. పొద్దున్న ఎనిమిదింటికి ఇంటికొచ్చి, నాలుగు మెతుకులు తిని, తొమ్మిదింటికి వెనక గదిలో ఒరిగేది. సరిగ్గా తొమ్మిదింటికే ముందు గదిలో తండ్రి షాపు తెరవాలి. రెండు గదులకీ మధ్య ఉన్నది తలుపు కూడా కాదు, కర్టెను. అదీ గంగాధరం మిగులు గుడ్డలు అతికి కుట్టిందే.

పిల్ల నిద్ర కోసం అతను మధ్యాహ్నం రెండింటిదాకా మిషను తొక్కడం మానేశాడు. అప్పటిదాకా కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం, చీరలకి హెమ్మింగు చెయ్యడం, ఇలా చప్పుడు లేని పనులన్నీ పెట్టుకున్నాడు. గుడ్డ మీద కత్తెర కూడా ఊపిరి బిగబట్టి వేసేవాడు. కొలతలివ్వడానికొచ్చినవాళ్లు చెవిలో రహస్యం చెప్పినట్టు చెప్పి వెళ్లేవారు. జాకెట్టు బిగువైందని పోట్లాటకొచ్చిన ఒకావిడ, అంత కోపాన్నీ సైగలతో వెళ్లబోసుకోలేక, షాపే మార్చేసింది. ఇంత చేసినా వీధిలో కూరల బండీ, పక్కింటి కుక్కరూ ఎవరి మాటా వినవు కదా. పిల్ల గంటకోసారి ఉలిక్కిపడి లేచేది. ఒకరోజు వార్డులో నిలబడే కునికి, ఒక రోగి జ్వరం ఇంకో రోగి చీటీ మీద రాసేసింది. హెడ్ సిస్టరు చూసి దిద్దింది కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పుకుని ఏడ్చింది.

"ఈసారి మందే మార్చేస్తానేమో నాన్నా. భయమేస్తోంది" అంది.

పైన ఒక్క గది కావాలి, తలుపున్న గది. అంతకంటే అతనికి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. మర్నాడే తాపీ మేస్త్రీ ఏసుపాదాన్ని పిలిచి కొలతలు వేయించి, ప్లాను గీయించి, మేడ కట్టుకోవడానికి అనుమతి ఇప్పించమని మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకున్నాడు.

అతనికి తెలియని సంగతేమిటంటే, అప్పటికి నెల కిందటే ఆ మేడ పూర్తయిపోయింది.

అదెలాగంటారా, దానికి మునిసిపల్ ఆఫీసు డాబా ఎక్కాలి. ఆ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. పట్టణాల్లో ఇళ్ల కొరత తీర్చడానికి ఊరూరికీ ఒక లక్ష్యం కట్టారు. కొమరలంక వంతుకి నాలుగు వేల కొత్త ఇళ్లు వచ్చాయి, అవీ మార్చి ముప్పై ఒకటి లోపల. ఎక్కడ కట్టాలో మాత్రం ఉత్తర్వులో లేదు. ఊరికి మూడు వైపులా కాలవ. నాలుగో వైపు పొలాలకి మాస్టర్ ప్లానులో ఆకుపచ్చ రంగు వేసి, ముట్టుకోవద్దన్నారు. మిగిలిన ఖాళీ జాగా అంతా అదే ప్లానులో ఎప్పటికో వెయ్యబోయే వంద అడుగుల రోడ్ల కింద పోయింది. రోడ్లకీ, పార్కులకీ, రెండో బస్టాండుకీ చోటు చూపించాక, ఇళ్లకి మిగిలింది మ్యాపు అడుగున రంగుల వివరం రాసిన పెట్టె ఒక్కటే.

టౌన్ ప్లానింగ్ అధికారి మార్కండేయులు గారు మచ్చలేని మనిషి. ఎవరి దగ్గరా కాఫీ చుక్క ముట్టరు, ఏ నిబంధననీ వదలరు. ఫిబ్రవరి నెలంతా ఆ నాలుగు వేల అంకె ఆయనకి అన్నం సయించనివ్వలేదు. ఒక మధ్యాహ్నం కాస్త గాలి తగులుతుందని కారియరు పట్టుకుని ఆఫీసు డాబా ఎక్కారు. పెరుగన్నం కలుపుకుంటూ తలెత్తి ఊరికేసి చూశారు. ఎటు చూసినా చువ్వలే. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఊళ్లో ఇళ్లు లేకపోవడమేమిటి, ఇంటి మీద ఇల్లు సిద్ధంగా ఉంటేనూ!

మర్నాడు సర్క్యులర్ వెలువడింది. "భవనముల పైకప్పులందు ఊర్ధ్వముఖముగా విడువబడిన ఇనుప చువ్వలు కేవలము లోహఖండములు కావు. అవి పౌరుల నివాస సంకల్పమునకు ప్రత్యక్ష సాక్ష్యములు. సంకల్పము జరిగినది. సామగ్రి కొంత అమర్చబడినది. స్థలము పైన సిద్ధముగా ఉన్నది. ఇక మిగిలినవి గోడలు, కప్పు మొదలగు ఆనుషంగిక అంశములు మాత్రమే. కావున అట్టి ప్రతిదానిని ఒక సంకల్పిత అంతస్తుగా పరిగణించి, పూర్తయిన నివాసముల పట్టికలో చేర్చవలెను."

వార్డు సిబ్బంది డాబాలెక్కి చువ్వలు లెక్కపెట్టారు. గంగాధరం ఇంటికొచ్చినప్పుడు, దోమల కోసం వచ్చారేమో అనుకుని, చువ్వల మీది సీసాల్లో నీళ్లు నిలవలేదని ఒక్కొక్కటీ ఎత్తి చూపించి, మజ్జిగ ఇచ్చి పంపాడు. వాళ్లు వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కనున్న 7-114 కింద ఎర్రరంగుతో 7-114/1 అని రాసిపోయారు. మార్చి నెలాఖరుకి కొమరలంకలో నాలుగు వేల మూడు వందల పదహారు ఇళ్లు పూర్తయ్యాయి. ఊళ్లో ఒక్క ఇటుక కదల్లేదు. జిల్లా మొత్తమ్మీద లక్ష్యం దాటిన ఊరు ఇదొక్కటే కావడంతో మార్కండేయులు గారికి శాలువా కప్పారు. "ఇందులో నాదేమీ లేదు, అంతా ప్రజల సంకల్ప బలం" అన్నారాయన. ఆ మాట ఆయన వినయం కొద్దీ అన్నారు గానీ, అక్షరాలా నిజం.

గంగాధరం దరఖాస్తు పెట్టుకున్న పదో రోజున ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

"మీ దరఖాస్తు తిరస్కరించడమైనది గంగాధరం గారూ" అన్నారు మార్కండేయులు గారు, కుర్చీ చూపిస్తూ.

"ఏం తప్పొచ్చిందండి? ప్లానులో ఏమన్నా తేడా ఉంటే మా మేస్త్రీ చేత దిద్దించేస్తానండి."

"ప్లాను నిర్దోషంగా ఉంది. అయితే మీరు నిర్మాణానుమతి కోరిన ప్రథమ అంతస్తు ఇప్పటికే పూర్తయినట్టు రికార్డు తెలియజేస్తోంది. పూర్తయిన దానికి నిర్మాణానుమతి ఇవ్వడానికి చట్టంలో వీలు లేదు."

ఇంకెవరితోనైనా అంటున్నారేమోనని గంగాధరం ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"మా మేడాండీ?"

"మీ మేడే."

"ఎవరు కట్టేరండి?"

"మీరే సంకల్పించారు. పధ్నాలుగేళ్ల క్రితం."

"సంకల్పించేను గానండి, కట్టలేదు కదండీ. పైకెక్కితే ఆకాశం కనపడతందండి బాబూ!"

"ఆకాశం ఈ శాఖ పరిధిలోకి రాదు" అన్నారు మార్కండేయులు గారు. ఆ మాటలో వెటకారం లేదు, ఆయనకి వెటకారం రాదు.

గంగాధరం కూతురి సంగతి చెప్పాడు. రాత్రి డ్యూటీ, పగటి నిద్ర, జ్వరం చీటీ, అన్నీ చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నారు, జాలి కూడా పడ్డారు.

"పాపం, ఆమెను ప్రథమ అంతస్తులో పడుకోమనండి" అన్నారు. గంగాధరం మొహం చూసి, ఇంకో దారి కూడా ఆలోచించారు. "పోనీ ద్వితీయ అంతస్తుకి దరఖాస్తు పెట్టుకోండి. రేపే ఇస్తాను. కాకపోతే ప్రథమ అంతస్తుకి ఎటువంటి భంగమూ కలగరాదు. దాని ఎత్తు పది అడుగులు. ఆ పది అడుగులూ వదిలి ఆపైన మొదలుపెట్టుకోవాలి."

ఈ మాట ఏసుపాదానికి చెబితే అతను తాపీ కింద పెట్టి నడుం మీద చెయ్యేసుకున్నాడు.

"గాల్లో పదడుగులు లేపి గదెయ్యాలా? దాన్ని గదనరన్నా, మంచె అంటారు. పాపకి నిద్రేం పడతాది, పిట్టల్ని తోలుకోడానికే సరిపోద్ది."

వారం తిరక్కుండా గంగాధరం గుమ్మం ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక ట్రంకుపెట్టె, ఒక మడత మంచం, ఒక కూజా, వాటి వెనక ఒక సన్నటి యాభై ఏళ్ల మనిషి దిగారు.

"ఏమప్పా, 7-114 బై 1 ఇదేనా? నా పేరు ఓబులేసు. వ్యవసాయ శాఖలో గుమస్తా. ధర్మవరం నుంచి ఈడికి బదిలీ అయి వచ్చినా. మిద్దె మింద ఇల్లు అలాట్ చేసినారు" అంటూ కాగితం చూపించాడు.

ఆఫీసువాళ్ల తప్పు కూడా లేదు. ఊళ్లో నాలుగు వేల పైచిలుకు కొత్త ఇళ్లు ఖాళీగా ఉన్నాయని రికార్డు చెబుతుంటే, బదిలీ మీద వచ్చిన ఉద్యోగులకి ఇవ్వకుండా ఎలా ఉంటారు? గంగాధరం నిచ్చెన చూపించాడు. ఓబులేసు ఎక్కాడు. చుట్టూ చూసి, పిల్లర్ల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు.

"గాలి బాగా వస్తాదప్పా" అన్నాడు చివరికి, పైనుంచే.

వెళ్లిపొమ్మంటే వెళ్లే వీలు ఆయనకీ లేదు. కేటాయించిన నివాసంలో ఉన్నట్టు తనిఖీలో తేలితే గానీ ఉద్యోగంలో చేరిక కాగితం మీద సంతకం పడదు. తనిఖీ ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి పగలంతా ఇంట్లోనే, అంటే డాబా మీదే, ఉండాలి. మనిషి మాత్రం బంగారం. తెచ్చుకున్న వేరుశనక్కాయల్లో సగం నూకరత్నానికి ఇచ్చాడు. దండెం మీద చీరలు ఆరేయడానికొస్తే, "రాండమ్మా, లోపలికి రాండి" అని లేచి నిలబడేవాడు. కానీ ఎండ ఊరుకోదు కదా. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ జరిగినకొద్దీ ఆయనా మంచం జరుపుకునేవాడు. ఆ ఇనప మంచం కాళ్లు శ్లాబు మీద ఈడ్చుకుంటూ పోతుంటే, సరిగ్గా దాని కింద ప్రశాంతి కళ్లు తెరుచుకుని పడుకుని ఉండేది. ఇదివరకు పక్కనుంచే చప్పుడు, ఇప్పుడు నెత్తి మీద నుంచి కూడా.

"పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు నాన్నా" అనేది. ఆ పిల్ల కళ్ల కింద నల్లటి చారలు చూస్తే గంగాధరానికి ముద్ద దిగేది కాదు.

పదకొండో రోజున తనిఖీ వచ్చింది. మార్కండేయులు గారు, ఇద్దరు సహాయకులు నిచ్చెనెక్కి పిట్టగోడ దగ్గర ఆగారు.

"ముఖద్వారం ఎటు?"

"ఈడ సామీ" అని ఓబులేసు రెండు పిల్లర్ల మధ్య చూపించాడు.

మార్కండేయులు గారు చెప్పులు విడిచి, తల కాస్త వంచి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్లారు. సహాయకులూ అలాగే వెళ్లారు. అందులో పొడుగాయన ఇంకొంచెం వంగాడు. గది మధ్యలో నిలబడి నలువైపులా చూసి, ఆయన పెదవి విరిచారు. అక్కడికక్కడే నోటీసు రాయించారు. "ఉత్తరపు గోడయందు కిటికీ లేదు. మెట్లు లేవు. వర్షపు నీరు నేరుగా నివాసములోనికి ప్రవేశించుచున్నది. ఈ లోపములను యజమాని పదిహేను దినములలో సరిచేయవలెను."

"అలాగేనండి, కిటికీ పెట్టేస్తానండి. ముందు గోడ కట్టనివ్వండి మరి" అన్నాడు గంగాధరం.

"గోడ ఉంది. ఉన్న గోడకి కిటికీ పెట్టండి."

గంగాధరం నోటీసు పట్టుకుని పిట్టగోడ మీద కూలబడ్డాడు. వాళ్లు వెళ్లాక ఓబులేసు మంచం మీద చోటిచ్చి, నాలుగు వేరుశనక్కాయలు చేతిలో పెట్టాడు. ఆయన చేరిక కాగితం మీద సంతకం అయిపోయింది, ఇంక ఏ రోజైనా ఇంకో చోటికి మారిపోవచ్చు. అయినా మనసొప్పలేదు.

"ఇరవై ఆరేండ్లు ఫైళ్లు మోసినోణ్ణి, చెప్తా ఇను. కాగితంలో ఉండేదాన్ని నోటితో లేదంటే ఎవరూ ఒప్పుకోరప్పా. కాగితంతోనే తీసెయ్యాల. ఈ మిద్దె కూల్చేస్తానని అర్జీ పెట్టు. కూల్చినట్టు రాసుకుంటే, మళ్లా కట్టేదానికి అనుమతి ఇయ్యక తప్పదు."

"లేని మేడ కూల్చడవేంటండి?"

"లేనిదైతే కూల్చేది ఇంకా సులువు కదప్పా!"

అర్జీ ఆయనే రాశాడు, ముత్యాల్లాంటి అక్షరాలతో. అది చదివి మార్కండేయులు గారికి కష్టంగానే అనిపించింది. నివాసం కూల్చడమంటే ఏ ప్లానింగ్ అధికారికైనా కష్టమే. కానీ లక్ష్యానికి మించి మూడు వందల పదహారు ఇళ్లున్నాయి, ఒకటి పోయినా ఊరు తట్టుకుంటుంది. సరేనన్నారు. పోర్టల్‌లో రెండు ఫొటోలు పెట్టాలి, కూల్చక ముందు ఒకటి, కూల్చిన తర్వాత ఒకటి. ముందటి ఫొటో తీసి పెట్టారు. క్షణంలో తిరిగొచ్చింది. "చిత్రములో భవనము కనబడుట లేదు" అంది పోర్టల్. మనుషులకి నచ్చజెప్పవచ్చు, పోర్టల్‌కి ఎవరు నచ్చజెప్పగలరు? వేరే మూల నుంచి తీశారు. కనబడుట లేదు. ఓబులేసుని మధ్యలో నిలబెట్టి తీశారు. వ్యక్తి కనబడుచున్నాడు, భవనము కనబడుట లేదు.

మూడు రోజులు ఆలోచించి మార్కండేయులు గారు తమ సర్వీసులోకెల్లా పెద్ద ఉత్తర్వు జారీ చేశారు. విషయం: కూల్చివేత నిమిత్తము ప్రదర్శనార్థ నిర్మాణము. "ఛాయాచిత్ర సౌలభ్యము కొరకు సదరు అంతస్తును యజమాని ఇరవై ఒక్క దినములలో కంటికి కనబడునట్లు చేయవలెను. గోడలు, కప్పు, తలుపు, ఉత్తరపు కిటికీ, మెట్లు విధిగా ఉండవలెను. కూల్చివేతకు పూర్వమే కూలిపోయినచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును గనుక, దృఢముగా నిర్మించవలెను."

గంగాధరం దాన్ని మూడుసార్లు చదివాడు. ఏసుపాదం ఒక్కసారే విన్నాడు.

"అన్నా, ఇందులో గది కట్టమని ఉందా, లేదా?"

"కట్టమనే ఉంది. కూల్చమని కూడా ఉందిరా."

"కూల్చే సంగతి కూల్చేవోళ్లు చూసుకుంటారు. మనది కట్టే వృత్తి. ఇసక తోలించు."

ఇరవై ఒక్క రోజుల్లో గది లేచింది. పదికి పన్నెండు, ఉత్తరానికి కిటికీ, బయటి వైపు నుంచి మెట్లు. తలుపుకి లోపలి గడియ ఉండాలని ప్రశాంతి అడిగింది, అదొక్కటే అడిగింది. నూకరత్నం పొయ్యి పెట్టి పాలు పొంగించింది.

"కూల్చేసే గదికి గృహప్రవేశవేంటే?" అన్నాడు గంగాధరం.

"ఒక్కరోజున్నా ఇల్లు ఇల్లే కదండీ" అంది ఆవిడ, పొంగు మీద కళ్లు తిప్పకుండా.

ఓబులేసు అప్పటికి రెండు వీధుల అవతల గోడలున్న ఇల్లు చూసుకుని, 7-114/1 ఖాళీ చేసినట్టు కాగితం రాసిచ్చి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్న ప్రశాంతి డ్యూటీ నుంచి వచ్చి మెట్లెక్కి తలుపేసుకుంది. తొమ్మిదింటికి గంగాధరం మిషను ముందు కూర్చుని, భయపడుతూ ఒక్క కుట్టు వేశాడు. ఆగి విన్నాడు. ఇంకో కుట్టు వేశాడు. పైన ఏ అలికిడీ లేదు. పది దాటింది, పన్నెండు దాటింది, పిల్ల లేవలేదు. ఏమైందోనని గంగాధరం పైకెళ్లి కిటికీలోంచి చూశాడు. చిన్నప్పుడు పడుకున్నట్టు, నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి పడుకుని ఉంది. సాయంత్రం నాలుగున్నరకి లేచి, "ఆకలేస్తోందమ్మా" అంటూ దిగొచ్చింది. గంగాధరం కళ్లు తుడుచుకోవడానికి మొహం తిప్పుకుని, టేపు వెతుక్కుంటున్నట్టు నటించాడు. ఆ గది కూల్చడానికి ఆఫీసువాళ్లు పెట్టిన గడువు ఇంక ఆరు రోజులేనని అతను పిల్లకి చెప్పలేదు.

ఏడో రోజున పదకొండు గంటలకి మార్కండేయులు గారు ఇద్దరు కూలీలతో, గునపాలు, సమ్మెటలతో వచ్చారు. మెట్ల మీంచే పైకెళ్లారు. దూరంగా నిలబడి ముందటి ఫొటో తీశారు. పోర్టల్ ఈసారి ఏ పేచీ పెట్టలేదు, "భవనము చక్కగా కనబడుచున్నది" అని కూడా అంది. ఆయన మొహం విప్పారింది. కూలీ సమ్మెట ఎత్తాడు.

"ష్..." అంది నూకరత్నం. కూలీ ఎత్తిన సమ్మెట ఎత్తినట్టే ఆపాడు.

గంగాధరం వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. అతని గొంతు పైకి లేవలేదు. నాలుగు నెలలుగా గుసగుసలు అలవాటైన గొంతు అది.

"అయ్యా, లోపల మా పిల్ల పడుకుందండి. రాత్రంతా ముప్ఫయ్యారు మంది రోగుల్ని చూసొచ్చి పడుకుందండి. ఈ గది లేనప్పుడు మీరు ఉందన్నారు, నేను ఊరుకున్నాను. ఇప్పుడున్నది కాబట్టి లేదనుకోండి, ఊరుకుంటాను. మీ ఫైల్లో మీరేం రాసుకున్నా నాకభ్యంతరం లేదండి. ఈ గోడ మీద దెబ్బ మాత్రం పడనివ్వను."

"ఆక్రమించబడిన నివాసాన్ని..." అని ఏదో నిబంధన మొదలుపెట్టబోయి, ముందు నిజంగా ఎవరైనా ఉన్నారో లేదో ధ్రువీకరించుకోవడం తమ విధి అని మార్కండేయులు గారికి తోచింది. గంగాధరం తలుపు చప్పుడు కాకుండా తోశాడు. ఆ వేళ పిల్ల గడియ వేసుకోవడం కూడా మరిచి పడిపోయింది. ఆయన ఫైలు చూసుకుంటూ లోపలికి అడుగు వెయ్యబోయారు. ద్వారబంధం పైచెక్క నుదుటికి ఠప్పున తగిలింది. ఆయన సర్వీసు మొత్తమ్మీద ఒక అంతస్తు తగలడం అదే మొదటిసారి. నోటిదాకా వచ్చిన "అమ్మా" ని మింగేసి, నుదురు పట్టుకుని, మంచం కేసి చూశారు. పిల్ల కదల్లేదు. తెల్ల కోటు కూడా విప్పకుండా పడుకుంది. ఆయన చప్పుడు కాకుండా ఫైలు మూసి వెనక్కి అడుగేశారు.

బయటికొచ్చాక ఆయనా గుసగుసగానే మాట్లాడారు.

"అనంతర చిత్రంలో ఏముండాలి?"

"ఖాళీ డాబా ఉండాలి సార్. చువ్వలు కనబడినా ఫర్వాలేదు" అన్నాడు కూలీ, సమ్మెట మెల్లగా కింద పెడుతూ.

మార్కండేయులు గారు పిట్టగోడ దాకా నడిచారు. పక్కింటి డాబా కేసి తిరిగారు. దాని వెనకదీ, దాని పక్కదీ, ఊరంతా అదే డాబా. ఒక్కసారి మాత్రం గంగాధరం కేసి చూసి, చూపు తిప్పుకుని, ఫొటో తీశారు. పోర్టల్ వెంటనే ఒప్పుకుంది.

"కూల్చివేత సంతృప్తికరంగా పూర్తయినది" అని ఫైల్లో రాసి సంతకం పెట్టారు. చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద మెట్లు దిగి వెళ్లిపోయారు. వెనకే కూలీలిద్దరూ పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు సమ్మెటల్ని ఎత్తుకుని దిగారు.

పది రోజుల తర్వాత పోస్టులో కవరొచ్చింది. గంగాధరం మిషను ఆపి, గుమ్మంలో నిలబడి, పైకి చదవసాగాడు.

"తమ గృహముపై గల ప్రథమ అంతస్తు సంపూర్ణముగా కూల్చివేయబడినందున, సదరు ఊర్ధ్వ స్థలము ఖాళీగా ఉన్నట్లు ధ్రువీకరించడమైనది. తాము కోరినట్లుగా అచ్చట ఒక గది నిర్మించుకొనుటకు ఇందుమూలముగా అనుమతి..."

"కొంచెం మెల్లిగా చదవండి" అంది నూకరత్నం వెనక గదిలోంచి. "పైన పిల్ల పడుకుంది."